ఊకొట్టే కథలు, ఉన్నమాట చెప్పే చదువరులు

మన ఇండ్లలో కథ చెప్పడము ఎన్నడూ ఒక్కరి పని కాదు. చెప్పేవారు ఒకరైతే ఊకొట్టేవారు మరొకరు. ఊకొట్టడము ఆగినదంటే వినేవాడు నిద్రపోయినాడన్నమాట. కథ కూడా అక్కడితో ఆగవలసినదే. కథను నడిపించే అధికారములో సగము వినేవానిదని మన పెద్దలు ఈ చిన్న ఆచారముతోనే ఒప్పుకొన్నారు. బేతాళ కథలలో ఆ అధికారము ఇంకా పెరిగినది. కథ చివర బేతాళుడు ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెప్పితే మౌనభంగమై బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. ఏమి చేసినా ఫలితము వినేవాని మాటమీదనే ఆధారపడియున్నది.

అవధానములో ఇదే ఒక విద్యగా రూపొందినది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరమును నిషేధిస్తూ ఉంటే, అవధాని మరొక దారి వెదకి పద్యమును ముందుకు నడిపిస్తాడు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) గారలు జంటగా ఊరూరా అవధానములు చేసి ఈ విద్యకు గొప్ప ప్రచారము తెచ్చినారు. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. పృచ్ఛకుడు మెతకవాడైతే అవధానము చప్పబడుతుంది. గట్టి ప్రశ్న వేయడము అవధానికి చేసే అపకారము కాదు, ఉపకారము.

ఈ మాటలు జ్ఞాపకము చేయడానికి కారణమున్నది. గడచిన యాభై ఏండ్లలో కంప్యూటరుమీద ఒక క్రొత్తరకము ఊకొట్టే కథ పుట్టి పెరిగినది. ఇందులో బొమ్మలుండవు, అక్షరములే. “నీవు దిగుడుబావి గట్టున నిలిచియున్నావు. మెట్లు చీకటిలోకి దిగుతున్నవి. పొగడచెట్టు కొమ్మకు లాంతరు వ్రేలాడుతున్నది” అని యంత్రము చెప్పి ఆగిపోతుంది. “లాంతరు తీసుకో” అని చదువరి టైపు చేయవలెను. అప్పుడు కథ ఒక అడుగు ముందుకు పోతుంది. చదువరి ఊకొట్టనిదే కథ కదలదు.

ఈ జాతి కథలకు ఆద్యుడుగా చెప్పదగినవాడు విల్ క్రౌథర్. ఆయన అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఒక సంస్థలో కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవాడు. తీరికవేళ గుహలలో తిరిగేవాడు. కెంటకీ రాష్ట్రములోని మామత్ గుహను ఆయన బాగుగా ఎరుగును. విడాకుల తరువాత కుమార్తెలకు దూరమై, వారు ఆడుకోవడానికని 1975–76 ప్రాంతములో ఆ గుహనే మాటలలో కట్టి ‘అడ్వెంచర్’ అని పేరు పెట్టినాడు. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దానిని చూచి, క్రౌథర్ అనుమతి పొంది, 1977లో పెంచి వ్రాసినాడు. ఆ ఏడే మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో నలుగురు యువకులు ‘జోర్క్’ వ్రాయడము మొదలుపెట్టినారు. 1979లో ఇన్ఫోకామ్ అనే కంపెనీ వెలసి, ఇటువంటి కథలను ఇంటి కంప్యూటర్లకు అమ్మినది. కొంతకాలము బాగుగానే నడచినది. బొమ్మల ఆటలు వచ్చిన తరువాత బేరము తగ్గినది. 1986లో కంపెనీ చేతులు మారి, 1989లో మూతపడినది.

వ్యాపారము పోయినది గాని కథ పోలేదు. జీతము లేని అభిమానులు దానిని నిలబెట్టినారు. 1993లో ఇంగ్లండుకు చెందిన గ్రాహం నెల్సన్ ‘ఇన్‌ఫార్మ్’ అనే ఉపకరణమును తయారుచేసి అందరికీ ఉచితముగా ఇచ్చినాడు. సమీక్షలకే ప్రత్యేకించిన ఒక పత్రికను 1994లో కెవిన్ విల్సన్ స్థాపించినాడు. ఆయనే 1995లో చిన్న కథల పోటీని ప్రారంభించినాడు. ఆ పోటీ నేటికీ ఏటేటా జరుగుతున్నది. 2016లో ఏర్పడిన ఒక లాభాపేక్షలేని సంస్థ దానిని నడుపుచున్నది.

ఆ పోటీ నియమములు మనవారు వినదగినవి. తీర్పరులు పండితులు కానక్కరలేదు, ఎవరైనా కావచ్చును. ఒక్కొక్క కథను గరిష్ఠముగా రెండు గంటలు ఆడి, అంతవరకు చూచినదానినిబట్టియే ఒకటినుండి పదివరకు మార్కు వేయవలెను. అయిదు కథలకైనా మార్కులు వేయనివారి ఓటు లెక్కకు రాదు. అందువలన స్నేహితుని కథ ఒక్కదానికే పది వేసిపోవడము కుదరదు. మరొక చమత్కారము కూడా ఉన్నది. ఏ కథకు కొందరు అతి ఎక్కువ, కొందరు అతి తక్కువ మార్కులు వేసి మిక్కిలి భేదిస్తారో, దానికి ‘వివాదపు బంగారు అరటిపండు’ అనే బహుమానము! అభిప్రాయభేదము కూడా గౌరవించదగినదేనని దీని భావము.

రెండు గంటల నియమమువలన కథలు చిన్నవైనవి. సాయంకాలములు మాత్రమే తీరిక కలవాడు కూడా వ్రాయగలిగినాడు. 1999లో సామ్ బార్లో వ్రాసిన ‘ఐల్’లో చదువరికి ఒక్క ఆజ్ఞకే అవకాశము. అంగడిలో సరుకుల అరల నడుమ ఒక మనిషి నిలిచియుంటాడు. మనము ఒక్క పని చెప్పగానే కథ ముగుస్తుంది. మళ్ళీ మొదలుపెట్టి వేరొక పని చెప్పితే వేరొక ముగింపు. ఎన్నో ముగింపులు చూచినగాని ఆ మనిషి దుఃఖము మనకు పూర్తిగా తెలియదు.

ఇటువంటి కథకు సమీక్ష వ్రాయడము అచ్చు పుస్తకమునకు వ్రాసినట్లు కాదు. ఇద్దరు చదువరులు ఒకే కథను చదివినవారు కారు. అందుచేత మంచి సమీక్షకుడు తాను ఏ ఆజ్ఞ ఇచ్చినాడో, యంత్రము ఏమన్నదో, ఎక్కడ చిక్కుబడినాడో చెప్పుతాడు. ఆడినదంతా వరుసగా నమోదుచేసి రచయితకు పంపే ఆచారము కూడా ఉన్నది; వేయి పొగడ్తలకంటె ఆ నమోదు రచయితకు మేలు చేస్తుంది. ముందుగా హెచ్చరించకుండా చదువరిని చంపరాదని, సరియైన క్రియాపదము దొరకలేదన్న కారణముతో అతనిని నిలిపివేయరాదని నెల్సన్ ‘ఆటగాని హక్కులు’ ఒక పట్టికగా వ్రాసినాడు. ఆ రెండవ హక్కు భాషకు సంబంధించినది, మనకు ముఖ్యమైనది.

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు చుట్టూ చాలభాగము ఆంధ్ర సరిహద్దే. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు అది మైసూరు రాష్ట్రములోనే ఉండిపోయినది. 1973లో ఆ రాష్ట్రము కర్ణాటకమైనది. బలసముద్రము వంటి ఊళ్ళనుండి వచ్చిన కుటుంబములకు వేరే చెప్పనక్కరలేదు. ఇంటిలో మాట తెలుగు, బడిలో వ్రాత కన్నడము. ఊరు విడిచి దూరము పోయిన తరువాత పిల్లల చదువు ఇంగ్లీషులోకి మారినది. మాట కొంత మిగిలినది, వ్రాత జారిపోయినది.

ఇప్పుడు ఆ ఊరివాడొకడు తెలుగులో ఇటువంటి కథ వ్రాసినాడనుకొందాము. ఇంగ్లీషులో క్రియ ముందు, వస్తువు తరువాత. మనకు వస్తువు ముందు, క్రియ చివర. తెరువు, తెరవండి, తియ్యి, తీయుము – అన్నిటినీ యంత్రము ఒకటిగా గుర్తించవలెను. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. మనవైపు “వాకిలి తియ్యి” అంటే తలుపు తెరవమని. గోదావరి జిల్లాలవారికి వాకిలి ఇంటిముందరి జాగా. దానిని తీయడమెట్లాగో వారికి తోచదు. వారికి తాళము, మనకు బీగము. ఈ బీగము కన్నడమువారికి కూడా చుట్టమే. రచయిత తన యాసలో వ్రాసి ఊరకుంటే పరాయి జిల్లా చదువరి వాకిటిలోనే నిలిచిపోతాడు. పుస్తక భాషలో వ్రాసితే సొంత ఊరి పిల్లలు నిలిచిపోతారు. రెండు మాటలూ యంత్రమునకు నేర్పడమే మార్గము. ఏ మాటలు నేర్పవలెనో రచయితకు ఒంటరిగా తెలియదు. ఆడిచూచి చెప్పేవారు కావలెను. అట్లు చెప్పినప్పుడు, ఏ పాఠ్యపుస్తకములోను చోటు దొరకని మన ఇంటి మాటలు ఒక్కొక్కటిగా వ్రాతలోకి ఎక్కుతవి.

టైపు చేయడము కష్టమన్నవారికి మరొక త్రోవ ఉన్నది. 2009లో క్రిస్ క్లైమాస్ తయారుచేసిన ‘ట్వైన్’ అనే ఉచిత ఉపకరణముతో, తెరమీద కనిపించే మాటలలో ఒకదానిని తాకి దారి ఎన్నుకొనే కథలు అల్లవచ్చును. అందులో తెలుగు అక్షరములు వ్రాయడానికి అడ్డేమీ లేదు. చదవడము మాత్రమే వచ్చిన పిల్లవాడు కూడా దానిని ఆడగలడు. చదవడము కూడా రానివానికి అవ్వ ప్రక్కన కూర్చుండి చదివి వినిపించవచ్చును.

మన సంఘములలో పొగడ్తకు కొరత లేదు. పిల్లవాడు పద్యము సగములో మరచిపోయినా చప్పట్లు కొడతాము, పుస్తకము విప్పకుండానే రచయితకు శాలువ కప్పుతాము. అది ప్రేమయే గాని దానివలన వ్రాత పెరగదు. వచ్చే ఉగాదికి మన పిల్లలలో ఎవరైనా ఒక చిన్న కథ అల్లి తెచ్చినచో మనము చేయవలసినది ఇంతే. ఇంటికొకరు రెండు గంటలు కేటాయించి దానిని ఆడవలెను. ఏమి టైపు చేసినామో, ఏ మాట యంత్రమునకు తెలియలేదో, ఎక్కడ నవ్వినామో, ఎక్కడ విసుగు పుట్టినదో ఒక కాగితముమీద వ్రాసి ఆ పిల్లవాని చేతికి ఇవ్వవలెను. బాగున్నదని ఊరకే అనకుండా, బాగున్నది ఏదో చెప్పవలెను. పృచ్ఛకులు లేని అవధానము లేదు. ఊకొట్టేవారుంటే మన ఇంటి తెలుగులో కథ చెప్పేవారు తప్పక పుట్టుకొస్తారు.