ఒకే పేరు – మూడు యుద్ధనౌకలు



ఉప్పల్, నాచారం ప్రాంతాల వారికి సముద్రం చాలా దూరం. మనకు దగ్గరున్న నది మూసీ; అది కృష్ణలో కలిసి సముద్రం చేరుతుంది. అయినా మన రెండు పెద్ద నదుల పేర్లూ యుద్ధనౌకల మీదకెక్కి సముద్రాలు తిరిగి వచ్చాయి. గోదావరి పేరును ఒకదాని తరువాత ఒకటిగా మూడు నౌకలు ధరించాయి. వాటి చరిత్ర మనలో కొద్దిమందికే తెలుసు.

మొదటి గోదావరి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో తయారై, 1943లో నాటి రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. దేశ విభజన సమయంలో ఆఫీసుల బల్లలు, ఫైళ్ళు పంచుకున్నట్లే యుద్ధనౌకలనూ పంచుకున్నారు. నదుల పేర్లున్న ఆరు స్లూప్ నౌకలలో సట్లెజ్, జమున, కృష్ణ, కావేరి మనకు దక్కాయి. నర్మద, గోదావరి పాకిస్తానుకు వెళ్ళాయి. అక్కడ గోదావరి పేరు 'సింధ్' అయింది.

నౌక పోయినా పేరును మనవారు వదులుకోలేదు. 1953లో బ్రిటన్ నుంచి వచ్చిన మూడు పాత డిస్ట్రాయర్లకు గంగ, గోమతి, గోదావరి అని పేర్లు పెట్టారు. ఈ రెండవ గోదావరి పూర్వచరిత్ర విచిత్రమైనది. బ్రిటిష్ వారు 'బెడేల్' పేరుతో కట్టిన ఆ నౌకను 1942లో పోలెండు నావికులకు అప్పగించారు. వారు దానికి 'శ్లొంజాక్' అని పేరు పెట్టుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో ఫ్రాన్సు తీరంలోని దియెప్‌పై జరిగిన దాడిలో అది పాల్గొని, ఎందరో కెనడా సైనికుల ప్రాణాలు కాపాడింది. ఆ తరువాతే మన గోదావరి అయింది.

మూడవది మన దేశంలోనే, బొంబాయి మజగావ్ డాక్‌లో మన ఇంజనీర్ల డిజైనుతో తయారైంది. 1983 డిసెంబర్ 10న నౌకాదళంలో చేరింది. రెండు సీ కింగ్ హెలికాప్టర్లను మోయగల నౌక అది. రష్యా, పాశ్చాత్య, స్వదేశీ పరికరాలను ఒకే నౌకలో అమర్చడం అప్పట్లో సాహసమే. దాని వెనుక గంగ, గోమతి కూడా వచ్చాయి. ఆ విధంగా 1953 నాటి మూడు పేర్లూ మళ్ళీ ఒకచోట చేరాయి. 1988 నవంబరులో మాల్దీవులలో తిరుగుబాటుకు ప్రయత్నించిన కిరాయి సైనికులు బందీలతో ఓడలో పారిపోతుండగా, గోదావరి, బేత్వా నౌకలు వెంటాడి ఆ ఓడను ఆపాయి. 32 సంవత్సరాల సర్వీసు పూర్తిచేసి, గోదావరి 2015 డిసెంబర్ 23న రిటైరైంది.

మన ఇళ్ళలో తాతగారి పేరు మనుమడికి పెట్టుకోవడం ఆచారం. పేరు పెట్టినంత మాత్రాన చాలదు. ఆ తాతగారు ఏమి చేశారో, ఏ కష్టాలు పడ్డారో కూడా చెప్పాలి. చెప్పేవారు లేకపోతే మిగిలేది అక్షరాలు మాత్రమే. నౌకలు పాత ఇనుము కింద పోతాయి, ఉద్యోగులు పదవీ విరమణ చేస్తారు. వారు చేసిన సేవ నిలిచేది చెప్పేవారి నోటను, రాసేవారి చేతను. పిల్లల సెలవులలో ఒక సాయంత్రం వారిని కూర్చోబెట్టుకుని ఈ మూడు గోదావరుల కథతో మొదలుపెట్టి, మీ సర్వీసు కథ కూడా చెప్పవలసిందిగా నా మనవి.