‘ఇక్కడ చలి, మరి అక్కడ?’: శీతకాలపు ఆన్‌లైన్ కబుర్లలో ఉత్తరాల ఆనవాళ్లు

హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో ఉండేవాళ్లకు డిసెంబరు వచ్చిందంటే ఒక పాత పరిహాసం తప్పదు. ముఖం చూడని స్నేహితుడెవరో ఏ ఒహాయోలోనో బెజవాడలోనో కూర్చుని, "మీ శ్రీనగర్‌లో మంచు పడిందా అండీ?" అని అడుగుతాడు. కాశ్మీరు శ్రీనగర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజులు ‘చిల్లా-ఎ-కలాన్’ అనే గడ్డు చలికాలం. మన శ్రీనగర్‌లో ఆ రోజుల్లో తెల్లవారుజామున పద్నాలుగు, పదిహేను డిగ్రీలకు దిగితే చాలు, టీ బండి దగ్గర మంకీ క్యాపులు కనిపిస్తాయి. ఈ సంగతి అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. అయినా ఏటా అతను అడుగుతాడు, ఏటా మనం "మంచు లేదు గానీ వణుకుంది" అంటాం. ఇద్దరికీ తెలిసిందాన్ని మళ్లీ ఎందుకు అడిగినట్టు?

భాషాశాస్త్రంలో దీనికి సిద్ధంగా ఒక జవాబుంది. మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1923లో, ఆగ్డెన్, రిచర్డ్స్ రాసిన ‘ద మీనింగ్ ఆఫ్ మీనింగ్’ పుస్తకానికి అనుబంధంగా రాసిన వ్యాసంలో, సమాచారం కోసం కాక కేవలం సాన్నిహిత్యం కోసం ఆడే మాటలను ‘ఫాటిక్ కమ్యూనియన్’ అన్నాడు. వాతావరణం గురించిన మాటలు ఆయన ఇచ్చిన ఉదాహరణల్లోనే ఉన్నాయి. 1960లో భాషాశాస్త్రవేత్త యాకబ్‌సన్ దాన్ని భాషకున్న ఆరు ప్రయోజనాల్లో ఒకటిగా చేర్చి, మాటల దారి తెరిచి ఉందో లేదో చూసుకోవడమే దాని పని అన్నాడు. చలి కబుర్లను ఈ గూట్లో పెట్టి చేతులు దులుపుకోవచ్చు. కానీ అలా పెడితే ఒక చిక్కు మిగులుతుంది. మాలినోవ్‌స్కీ చూసింది ఒకచోట చేరి కూర్చున్న మనుషులను. ఒకే చలిలో పక్కపక్కన కూర్చున్నవాళ్లు "చలిగా ఉంది కదూ" అనుకోవడం వేరు. వేల మైళ్ల దూరంలో, వేర్వేరు చలుల్లో ఉన్నవాళ్లు "ఇక్కడ చలి, మరి అక్కడ?" అనుకోవడం వేరు. ఈ రెండో మాటకు తెలుగులో వేరే వంశం ఉందని నా వాదన. అది ఇంగ్లీషువాళ్ల వాతావరణ సంభాషణ నుంచి దిగుమతైంది కాదు, మన ఉత్తరాల నుంచి వచ్చింది.

ఆధారాల సంగతి ముందే చెప్పాలి. ఇవి సర్వే లెక్కలు కావు. రెండు దశాబ్దాలుగా నేను పాలుపంచుకున్న చిన్న చిన్న స్నేహబృందాల్లో విన్నవీ, అన్నవీ. ఉదాహరణల్లో ఎవరి పేర్లూ లేవు. ఆ మాటలు అందరూ అనేవే.

ఉభయకుశలోపరి

ఎదురుపడ్డప్పుడు తెలుగువాడు వాతావరణంతో మొదలుపెట్టడు. "తిన్నావా?", "టిఫిన్లయ్యాయా?", "ఎటు, ఇలా వచ్చావు?" అంటాడు. ఊళ్లో చలి అందరికీ ఒకటే కాబట్టి అడగడానికేం లేదు. చలిమంట దగ్గర చేరినవాళ్లు ధాన్యం ధర మాట్లాడుకుంటారు గానీ చలి గురించి మాట్లాడుకోరు.

ఉత్తరానికి మాత్రం వేరే మర్యాద ఉండేది. "ఉభయకుశలోపరి", లేదా "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను." పదిహేను పైసల కార్డు మీద కూడా ఈ వాక్యం తన చోటు తాను తీసుకునేది. జ్వరంతో మంచం పట్టినవాడు కూడా ముందు క్షేమమని రాసి, తర్వాతే జ్వరం సంగతి రాసేవాడు. వాక్యం కట్టుబడి చూడండి: ఇక్కడ, అక్కడ. రెండు చోట్లను ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో ఒకే మాటను రెండుసార్లు వాడడం. సమాచారం సున్నా. కానీ ఆ వాక్యం లేని ఉత్తరం వస్తే ఇంటిల్లిపాదికీ గుండె దడ. ఉంటే ఎవరూ పట్టించుకోని, లేకపోతే అందరూ పట్టించుకునే వాక్యం అది.

కార్డు పోయింది, ఇన్‌లాండు కవరు పోయింది, ‘క్షేమం’ అనే మాట కూడా దాదాపు పోయింది. చాట్ పెట్టెలో "నేను క్షేమం" అని ఎవరైనా రాస్తే ఏదో ప్రమాదం తప్పించుకున్నాడని అనుకుంటాం. ‘ఇక్కడ, అక్కడ’ అనే ఆ వాక్యపు అచ్చు మాత్రం అలాగే ఉంది. అందులో పోసే లోహం మారింది. చలికాలంలో ఆ లోహం చలి.

రైస్ నుంచి కృష్ణకాంత్ పార్కు దాకా

తెలుగువాళ్లు నెట్టులో కబుర్లాడుకోవడం 1990ల తొలి సంవత్సరాల్లోనే మొదలైంది. యూజ్‌నెట్‌లో ‘సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు’ అనే వేదిక ఉండేది. అందరూ ముద్దుగా ‘స్కిట్’ అనేవారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న కుర్రాళ్లే దాని జనం. తెర మీద తెలుగు లిపి కనిపించే వీలు లేని ఆ రోజుల్లో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి రోమను అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. అందులో చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. చిన్న ‘ఎల్’ అయితే ల, పెద్దదైతే ళ. షిఫ్ట్ మీట మీద వేలు పడకపోతే ‘కళ’ కాస్తా ‘కల’ అయ్యేది. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో కొట్టేవాళ్ల తెలుగులో కలలు ఎక్కువ, కళలు తక్కువ అని అప్పట్లో నవ్వుకునేవారు.

1998లో ‘ఈమాట’ పత్రిక వచ్చింది, ఆ తర్వాత యాహూలో ‘రచ్చబండ’ గుంపు నడిచింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి రావడంతో యూనికోడ్ తెలుగు ఇంటి కంప్యూటరులోకి అడుగుపెట్టింది. 2006లో వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’, ‘కూడలి’ రెండూ కలిసి తెలుగులో రాయడాన్నీ, రాసినవాళ్లను ఒకచోట చూడడాన్నీ తేలిక చేశాయి. రచ్చబండ, కూడలి, ఈ పేర్లు చూడండి. తెలుగు వికీపీడియాలో సభ్యులు మాట్లాడుకునే పేజీ పేరు కూడా రచ్చబండే. మనవాళ్లు యంత్రానికి సంబంధించిన పేరు వెతుక్కోలేదు. ఊరి మధ్య రాతిబండనూ, నాలుగు దారులు కలిసే చోటునూ తెచ్చి పెట్టుకున్నారు. మాట్లాడుకోవడానికి మనవాళ్లకు చోటు కావాలి. లేకపోతే పేరుతోనైనా దాన్ని కట్టుకుంటారు.

నిజమైన చోటు కూడా దొరికింది, అదీ మా కాలనీకి కూతవేటు దూరంలో. హైదరాబాదులోని తెలుగు బ్లాగరులు నెలకోసారి, రెండో ఆదివారం, యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో కలుసుకునేవారు. ‘ఈ-తెలుగు’ సంస్థ ఆ కలయికల్లోంచే రూపు కట్టింది. 2008 డిసెంబరు చలిలో హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటరులో తెలుగు ఎలా రాయాలో వచ్చినవాళ్లకు చూపించింది. ఇంచుమించు అదే కాలంలో తెలుగు మహిళా బ్లాగరులు ‘ప్రమదావనం’ పేరుతో చేరి ఆన్‌లైన్‌లోనే కబుర్లాడుకునేవారు. ఆ కబుర్లు కబుర్లతో ఆగక సేవా కార్యక్రమాల దాకా వెళ్లాయి.

పార్కు బెంచీ మీద నేను గమనించిందొకటి ఈ వ్యాసానికి కీలకం. అంతకు ముందు రాత్రి చాట్‌లో "ఏం చలండీ బాబూ" అని పది సార్లు అన్నవాళ్లే ఆదివారం సాయంత్రం శాలువాలు కప్పుకొని కూర్చుని చలి మాట ఎత్తలేదు. ఖతుల గురించి, అచ్చుతప్పుల గురించి, పల్లీలు ఎవరు తెచ్చారనే దాని గురించి మాట్లాడుకున్నారు. చలి మధ్యలోనే ఉంది, కానీ చెప్పుకునే అవసరం తీరిపోయింది. మాలినోవ్‌స్కీ లెక్క ప్రకారం పక్కపక్కన కూర్చున్నప్పుడే ఆ మాట రావాలి. మన దగ్గర పక్కన కూర్చోగానే అది పోయింది.

రెండు పన్నెండులు

ఇక్కడ, అక్కడ అనే అచ్చు ఎంత గట్టిదంటే, రెండు చోట్లా కొలతలు కలవకపోయినా అది పనిచేస్తుంది. జనవరి తెల్లవారుజామున హైదరాబాదు స్నేహితుడు "ఇక్కడ పన్నెండు" అంటాడు. చికాగో స్నేహితుడు "ఇక్కడా పన్నెండే" అంటాడు. మొదటిది సెల్సియస్, రెండోది ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో మైనస్ పదకొండు. రెండు పన్నెండులూ ఒకటి కావని ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరూ లెక్క సరిచేయరు, నవ్వుకుంటారు. 2019 జనవరి 30న చికాగోలో ఫారెన్‌హీట్‌లోనే మైనస్ 23కు పడిపోయింది. అలాంటి రోజున కూడా అక్కడివాడు తన చలి చెప్పాక "మరి మీకెలా ఉంది?" అని అడుగుతాడు. హైదరాబాదు చరిత్రలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. పోటీకి దిగితే మనం ఏనాడూ గెలవం. ఇది పోటీ కాదు కాబట్టే ఆట సాగుతోంది.

గడియారం కూడా ఈ ఆటలో చేరుతుంది. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. మార్చి రెండో ఆదివారం దాకా అదే నడుస్తుంది. దాంతో చికాగోకూ మనకూ తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నరకు పెరుగుతుంది. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి దొరికే మనిషి చలికాలంలో పదింటికి గానీ దొరకడు. "మీ టైము మార్చారా?" అన్నది శీతకాలపు మొదటి పలకరింపు. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దుండదని మన సామెత. ఉన్న ఆ కాస్త పొద్దులోంచి అమెరికా ప్రభుత్వం మరో గంట కోసుకుపోతుందని నా మిత్రుడొకరి ఫిర్యాదు.

మాటల్లో తేడాలు బయటపడేది కూడా చలిలోనే. కరీంనగర్ మనిషి "ఇగానికి చేతులు కొంకర్లు పోతున్నయ్" అని రాస్తే, గుంటూరు మనిషి "ఇగమంటే?" అని అడిగాడు. గడ్డకట్టే చలికి పేరైన ఆ ఒక్క మాట మీద గంటసేపు ముచ్చట నడిచింది. ముచ్చట ఒకరిది, కబుర్లు మరొకరివి, బాతాఖానీ ఇంకొకరిది. ‘కబురు’ అరబ్బీ ‘ఖబర్’ నుంచి వచ్చిందనీ, అసలర్థం వార్త అనీ వేరే చెప్పాలా? వార్త అనే మాటకు బహువచనం చేర్చగానే వార్తలేమీ లేని మాటలు అనే అర్థం రావడం మన భాష చేసిన చమత్కారం.

ఉంటాను మరి

ఉత్తరాల వంశానికి అన్నిటికన్నా గట్టి ఆధారం సెలవు తీసుకునే తీరులో ఉంది. ఎదుట ఉన్న మనిషి దగ్గర సెలవు తీసుకుంటూ "వెళ్లొస్తాను" అంటాం. ఉత్తరం చివర "ఇక ఉంటాను" అని రాసేవాళ్లం. ఫోనులోనూ "ఉంటాను", చాట్‌లోనూ "ఉంటా మరి". కదలకుండా కూర్చున్న మనిషి వెళ్లొస్తాననడం అబద్ధం. అందుకని ‘నేనిక్కడే ఉంటాను’ అంటూ మాట ముగిస్తాం. మొదట్లో "ఉన్నారా?" అని తలుపు తట్టడం, చివర్లో "ఉంటాను" అని మూయడం. మధ్యలో "ఇంకేంటి?", "ఏముంది, మీరే చెప్పాలి", మళ్లీ "ఇంకేంటి?" ఇదంతా ‘ఉండు’ అనే ఒక్క క్రియ చుట్టూ తిరిగే సంభాషణ. చలి ఇందులో సరిగ్గా అమరుతుంది. చలి వేస్తోందంటే నేనున్నాను అని.

గౌరవవాచకం సంగతి మరీ తమాషా. అసలు పేరు తెలియదు, వయసు తెలియదు, తెలిసింది ఒక మారుపేరు. దానికీ ‘గారు’ తగిలిస్తాం. ఏడాది తిరిగేసరికి కొందరు ‘అన్నా’ దగ్గరికీ, ‘అక్కా’ దగ్గరికీ వస్తారు. ఇంకొందరు పదేళ్లయినా ‘మీరు’ దాటరు, స్నేహం మాత్రం తగ్గదు. క్రియ చివర వచ్చే ఆ చిన్న ‘అండీ’ లేకపోతే "చలిగా ఉంది" అన్నది వాతావరణ నివేదిక. "చలిగా ఉందండీ" అంటే పలకరింపు.

సంక్రాంతి సినిమా

మా చుట్టుపక్కల ఏ మాటైనా చివరికి సినిమాలో తేలాల్సిందే. ఒక పక్క అన్నపూర్ణ స్టూడియో, మరో పక్క కృష్ణానగర్, వీధికి నాలుగు నిర్మాణ సంస్థల బోర్డులు. జనవరి రెండో వారం నుంచి చలి కబుర్లు పక్కకు జరిగి "టాక్ ఏంటి?" ముందుకొస్తుంది. 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’ జనవరి 11న, ‘అల వైకుంఠపురములో’ 12న విడుదలైనప్పుడు స్నేహబృందాలు రెండు రోజులు నిద్రపోలేదు. ఇక్కడ ఉత్తరాల లెక్క తిరగబడింది. అమెరికాలో ముందురోజు సాయంత్రమే ప్రీమియర్లు వేస్తారు. చికాగోలో సాయంత్రం ఆరంటే మనకు మర్నాడు తెల్లవారుజాము ఐదున్నర. సినిమా పుట్టిన వీధిలో ఉన్నవాడు దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి, మంచు తొక్కుకుంటూ థియేటరుకు వెళ్లినవాణ్ని "ఎలా ఉంది?" అని అడుగుతున్నాడు. వార్త ఇప్పుడు అక్కడి నుంచి ఇక్కడికి వస్తోంది. ప్రశ్న మాత్రం అదే: అక్కడ ఎలా ఉంది?

మిగిలేదేమిటి

ఉత్తరాలు ట్రంకు పెట్టెల్లో మిగిలాయి. ఈ కబుర్ల గతి అలా లేదు. యూజ్‌నెట్ పాత సంభాషణలను డేజా న్యూస్ దాచింది. 2001లో ఆ నిల్వను గూగుల్ కొన్నది కాబట్టి స్కిట్ నాటి మాటలు కొన్ని బతికాయి. యాహూ గుంపుల్లో పోగుపడ్డ సంభాషణలను 2019 డిసెంబరులో తొలగించడం మొదలుపెట్టారు. 2020 డిసెంబరు 15న ఆ సేవే మూతపడింది. రెండుసార్లూ చలికాలమే. ఇప్పటి వాట్సాప్ కబుర్లు రహస్యలిపిలో నడుస్తాయి. బయటి పరిశోధకుడికి అవి అందవు, అందకపోవడమే న్యాయం కూడా.

అందుకని పాఠకులకు నా విన్నపం. పాత హార్డ్‌డిస్కుల్లోనో, ఈమెయిలు పెట్టెల్లోనో 1990ల, 2000ల నాటి తెలుగు గుంపుల మాటలు మీ దగ్గరుంటే చెరిపేయకండి. అందులో సాహిత్య చర్చలే విలువైనవనీ, "ఇక్కడ చలి, మరి అక్కడ?" లాంటివి చెత్త అనీ ఏరివేయకండి. ఎవరికైనా చూపించే ముందు అవతలి మిత్రుణ్ని ఒక మాట అడగండి. చాలాకాలంగా పలకరించకపోతే, చలి సంగతితో మొదలుపెట్టవచ్చు.