గెలాక్టికా: పాతదా, కొత్తదా?

బాటిల్‌స్టార్ గెలాక్టికా అభిమానులు ఇద్దరు ఒకచోట చేరితే ముందు స్టార్‌బక్ గురించే కొట్టుకుంటారు. 1978లో ఏబీసీలో వచ్చిన సీరియల్లో ఆ పైలట్ మగవాడు, వేసింది డర్క్ బెనెడిక్ట్. 2003లో రొనాల్డ్ మూర్ తిరగరాసినప్పుడు ఆ పాత్ర కేటీ సాకాఫ్‌కి వెళ్ళింది. పాతవాళ్ళకి ఇది మింగుడు పడలేదు. బెనెడిక్ట్ అయితే ఏకంగా వ్యాసమే రాశాడు.

నా మటుకు నాకు అసలు మార్పు అది కాదు. పాతదాంట్లో సైలాన్ యంత్రాల్ని చేసింది వేరే గ్రహాంతర జాతి, మనుషులు అమాయకులు. కొత్తదాంట్లో చేసింది మనుషులే. పాపం ఎవరిదో మారింది కాబట్టి కథే మారింది. పైగా మన ఫీల్డు వాళ్ళకి నచ్చే సంగతొకటుంది: సైలాన్లు సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టి సైన్యాన్ని కూల్చేస్తే, కంప్యూటర్లని నెట్‌వర్క్‌లో కలపని పాత ఓడ గెలాక్టికా బతికి బయటపడుతుంది!

అలాగని పాతదాన్ని తీసిపారెయ్యలేం. ఒక్క సీజన్‌తో 1979లో ఆగిపోయినా, అపోలోగా వేసిన రిచర్డ్ హాచ్ ఆ కథే కొనసాగాలని ఏళ్ళ తరబడి పోరాడాడు, 1999లో సొంతంగా ట్రైలర్ తీశాడు. రీమేక్‌ని మొదట్లో వ్యతిరేకించిన ఆయనే తర్వాత అందులో టామ్ జారెక్‌గా నటించాడు.

నా ఓటు కొత్తదానికే. కానీ ఇల్లూ వాకిలీ పోయిన జనం ఓడల్లో భూమిని వెతుక్కుంటూ పోవడమనే మూలకథ గ్లెన్ లార్సన్‌ది. రీరైట్ ఎంత బాగా చేసినా, పాత కోడ్ రాసినవాడికి బాకీ ఉన్నట్టే. ఏమంటారు?