అచ్చారం, తరగరి, ఇల్లు

మదరాసులో ఇల్లు బేరం కుదరగానే ముందుగా చేతిలో పెట్టే సొమ్మును అచ్చారం అంటాం. మన పెద్దలు సంచకరువు అనేవారు. కన్నడదేశంలో స్థిరపడ్డ మనవాళ్ళకు సంచకారం తెలిసిన మాటే. అయితే అక్కడ దానికిప్పుడు ముప్పు అన్న అర్థమే బాగా వాడుకలో ఉంది! మహారాష్ట్రలో ఇసారు, హైదరాబాదు వైపు బయానా. అమరకోశం వైశ్యవర్గంలో సత్యంకారమనే మాట ఉంది, బేరాన్ని నిజం చేయటమని. సంచకరువు అందులోంచే వచ్చిందంటారు. నేను చదివింది బి.కాం., మాటల పుట్టుక తేల్చటం నా పని కాదు. ఆ సొమ్ము పోగొట్టుకున్నవాళ్ళను మాత్రం బ్యాంకు బల్ల ఇవతల కూర్చుని చాలామందిని చూశాను.

తరగరి కూడా పాతవాడే. తమిళంలో తరగర్, మనకు తరగరి, వాడు పుచ్చుకునేది తరగు. చెన్నపట్నం పుట్టుకే ఒక స్థలం బేరం కదా. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే, దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర కోటకు చోటు సంపాదించాడు. ఇచ్చిన నాయకుడు తెలుగువాడు. మధ్య నిలిచి మాట కుదిర్చిన దుబాసీ బేరి తిమ్మన్న అని పరంపరగా చెప్పుకుంటారు, ఆయనా తెలుగువాడే. కోట తన ఖర్చుతో కట్టించి ఇస్తానని నాయకుడు ఒప్పుకున్నాడు. తీరా చూస్తే ఖర్చు కంపెనీ నెత్తిన పడింది. కారుషెడ్డు మేమే వేయించి ఇస్తామనే ఈనాటి ఫ్లాట్ల ప్రమోటర్లకు మూలపురుషుడు దొరికినట్టే!

చట్టాలు తరవాత వచ్చాయి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం అవతలివాడు ఒప్పుదల పంపేలోగా మనం చెప్పిన ధరను వెనక్కి తీసుకోవచ్చు. 1882 ఆస్తి బదిలీ చట్టం ఇంకా కటువుగా చెప్పింది: అమ్మకపు ఒప్పందం రాసుకున్నంత మాత్రాన ఇంటిమీద హక్కు పుట్టదు. అచ్చారం సంగతి సుప్రీంకోర్టు 1969లో హనుమాన్ కాటన్ మిల్సు కేసులో తేల్చింది. బేరం నెరవేరితే అది ధరలో భాగం, కొనేవాడి తప్పువల్ల చెడితే అమ్మేవాడికి దక్కుతుంది. ఉత్త అడ్వాన్సు అయితే అలా మింగెయ్యటానికి వీల్లేదని 2012లో మరో తీర్పు విడమరిచింది. కాబట్టి రసీదులో ఏ మాట రాశారు, ఏ షరతు పెట్టారు అన్నదానిమీద లక్షలు ఆధారపడతాయి. ఆ రసీదు ఇక్కడ తమిళంలో ఉంటుంది. ఇంట్లో తమిళం గడగడా మాట్లాడి, చదవటం రానివాళ్ళు మనలో ఎంతమంది లేరు?

2004లో రిటైరైన తెలుగు మాస్టారొకరు ఋణానికి వచ్చారు. రెండు లక్షలు అచ్చారం ఇచ్చేశారు. "విల్లంగం సర్టిఫికెట్టు ముప్పయ్యేళ్ళకు తీయించాడండీ తరగరి, ఒక్క మచ్చ లేదు" అన్నారు. అసలు దస్తావేజులు చూశారా అని అడిగాను. జిరాక్సులు చూపించారట. అసలువి ఇంకో బ్యాంకు ఇనప్పెట్టెలో ఉన్నాయి.

ఇందులో కిటుకు చాలామందికి తెలియదు. దస్తావేజులు అప్పిచ్చినవాడి చేతికిచ్చి తాకట్టు పెట్టటమనే పద్ధతి ఒకటుంది. 1882 చట్టం దీన్ని మొదట మదరాసు, కలకత్తా, బొంబాయి వంటి కొద్ది పట్టణాలకే అనుమతించింది, వర్తకులకు డబ్బు త్వరగా పుట్టాలని. కాగితం రాసుకోనక్కర్లేదు, రిజిస్టరు చెయ్యనక్కర్లేదు. రిజిస్టరు కానిది విల్లంగంలో ఎలా కనబడుతుంది? తరగరి అబద్ధమాడలేదు, నిజంగానే సర్టిఫికెట్టులో మచ్చ లేదు. 2011లో కేంద్ర రిజిస్ట్రీ వచ్చాకే బ్యాంకుల తాకట్టులు వెదకి చూసుకునే వీలు కలిగింది.

మాస్టారి రసీదు ఆయన కోడలు చదివి వినిపించింది. అరవై రోజుల్లో రిజిస్టరు చేయించుకోకపోతే సొమ్ము రాదని ఉంది. హక్కులో ఉన్న లోపం దాచిపెట్టకుండా చెప్పటం అమ్మేవాడి బాధ్యతని 1882 చట్టంలోనే, 55వ సెక్షనులో ఉంది. దాన్ని పట్టుకుని వకీలు నోటీసిస్తే ఏడు నెలలకు అసలు మాత్రం వచ్చింది, వడ్డీ లేదు. తరగరి అప్పటికే ఇద్దరి దగ్గరా చెరి కొంత తరగు పుచ్చుకున్నాడు.

2016 రియల్ ఎస్టేటు చట్టం ఏజెంట్లు రిజిస్టరు కావాలంది, ఒప్పందం రిజిస్టరు కాకుండా పదిశాతం మించి పుచ్చుకోకూడదంది. అయితే అది కొత్తగా కట్టే ప్రాజెక్టుల సంగతి. మన పేటల్లో పాత మిద్దె ఇల్లు చూపించే తరగరికి ఏ రిజిస్ట్రేషను నంబరూ అక్కర్లేదు.