మినియాపొలిస్‌లో పోలీసుల రద్దు: జాతి ప్రశ్న, వర్గ ప్రశ్న

జార్జి ఫ్లాయిడ్ హత్యోదంతం ఒక ఇరవై డాలర్ల నోటుతో మొదలైంది. 2020 మే 25న సిగరెట్లకు ఇచ్చిన ఆ నోటు దొంగదేమోనని దుకాణం నుంచి పోలీసులకు ఫోను వెళ్లింది. వచ్చిన అధికారి మోకాలు 9 నిమిషాల 29 సెకన్లు అతని మెడ మీదే ఉంది. ఫ్లాయిడ్ ఒక బారులో కాపలా పని చేసేవాడు. కరోనా మూసివేతతో ఆ పని పోయింది. అతను నల్లవాడు, పని పోయిన కార్మికుడు కూడా. ఈ రెంటిలో ఏ ఒక్కటి వదిలేసినా ఆ మరణం అర్థం కాదు.

అమెరికా పోలీసుల మూలాలు బానిసలను వెంటాడిన దక్షిణాది గస్తీల్లో ఉన్నాయన్న వాదన ఉత్తరాది నగరమైన మినియాపొలిస్‌కు సగమే సరిపోతుంది. 1934 జులై 20న ఇక్కడి పోలీసులు సమ్మెలో ఉన్న లారీ కార్మికుల మీద కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు, అరవై మందికి పైగా గాయపడ్డారు. వాళ్లలో అత్యధికులు తెల్లవాళ్లే. మరి తెల్ల కార్మికుడు నల్ల కార్మికుడి పక్షాన ఎందుకు నిలవలేదు? కూలి తక్కువైనా, తెల్లవాడినన్న గౌరవం అతనికి అదనపు జీతంలా ముట్టిందని నల్లజాతి చరిత్రకారుడు డుబాయిస్ 1935లో విశ్లేషించాడు. దక్షిణాదిలో పోలీసులను కూడా తెల్ల కార్మికుల్లోంచే తీసుకునేవారని గుర్తు చేశాడు. 2020 మేలో మాత్రం నగర బస్సు డ్రైవర్లు కొందరు, అరెస్టయిన నిరసనకారులను తరలించడానికి బండి తీయబోమన్నారు. యూనియన్ వాళ్ల వెంట నిలబడింది. నా దృష్టిలో ఆ నిరాకరణ ఏ తీర్మానానికీ తీసిపోదు.

జూన్ 7న తొమ్మిది మంది నగర కౌన్సిల్ సభ్యులు పోలీసు శాఖను రద్దు చేస్తామని ఒక పార్కులో బహిరంగంగా మాట ఇచ్చారు. డిసెంబరులో సుమారు 17 కోట్ల 90 లక్షల డాలర్ల పోలీసు బడ్జెట్ నుంచి మళ్లించింది దాదాపు 80 లక్షలే. ప్రతి వెయ్యి మంది జనాభాకు కనీసం 1.7 చొప్పున పోలీసు సిబ్బంది ఉండాలన్న నిబంధన 1961 నుంచి నగర చార్టరులో ఉంది. ఇళ్లకు, మానసిక వైద్యానికి అలాంటి హామీ లేదు. ఆ నిబంధన తీసేసి, పోలీసు శాఖ స్థానంలో ప్రజాభద్రతా శాఖ పెట్టాలన్న ప్రతిపాదన 2021 నవంబరు 2న ఓటుకు వచ్చింది. సుమారు 56 శాతం కాదన్నారు. నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే ఉత్తర వార్డుల్లోనూ అది ఓడింది.

దీన్ని చైతన్యలోపం అనడం అన్యాయం. అర్ధరాత్రి తుపాకి మోత విని ఫోను చేస్తే ప్రభుత్వం పంపేది పోలీసు బండి ఒక్కదాన్నే అయినప్పుడు, అదీ తీసేస్తామంటే భయం వేయదా? జాతి నినాదం వర్గ కార్యక్రమాన్ని మింగేస్తుందని ఏడాల్ఫ్ రీడ్ వంటి సోషలిస్టులు చేసే విమర్శకు ఇక్కడ బలముంది. అయితే రద్దువాదుల అసలు వాదమూ కేవలం కూల్చమని కాదు, కూల్చినదాని స్థానంలో కట్టమని. బానిసత్వం చట్టంలో పోయినా భూమి, బడి, ఓటు నిలబెట్టే సంస్థలు కట్టనందువల్ల ఆ రద్దు సగంలో ఆగిందన్న డుబాయిస్ ఆలోచననే నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ జైళ్ల దాకా తెచ్చింది.

ఓటు ఓడిన మరుసటి నెల, మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ల కోసం వచ్చే ఫోన్లకు పోలీసులు కాకుండా మానసిక ఆరోగ్య నిపుణులు వ్యాన్లలో బయలుదేరారు. మొదట్లో శని, ఆదివారాలు వాళ్లు వచ్చేవారు కాదు.