ప్రోనోటు పక్కన పాస్‌బుక్కు

పెనుగొండ చుట్టుపక్కల వడ్డీ లెక్క రాని ఇల్లు అరుదు. వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రంగా వైశ్యులు కొలిచే ఊరిది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లతో వరి, వరితో రొక్కం వచ్చాయి. ఆ రొక్కం పొలాల్లోకీ, బంగారంలోకీ, ప్రోనోట్లలోకీ పోయింది. ఇలాంటి సీమలో భోగరాజు పట్టాభి సీతారామయ్య జనానికి డబ్బు పాఠం నేర్పారంటే, నోటిలెక్కలో ఆరితేరినవాళ్లకు ఈ బందరు డాక్టరుగారు కొత్తగా చెప్పిందేమిటని ఎవరైనా అడుగుతారు.

జవాబు ప్రోనోటులోనే ఉంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి వెయ్యి అప్పు తీసుకుంటే మూడేళ్లకు బాకీ 1,720. మూడేళ్లకు నోటుకు కాలదోషం పడుతుంది గనుక, ఈలోగానే వడ్డీని అసల్లో కలిపి తిరగరాస్తారు. ఇంకో మూడేళ్లకు బాకీ 2,958. నోటు మీద కనిపించేది బారు వడ్డీ, జరిగేది చక్రవడ్డీ. లెక్క ఊళ్లో ఉన్నమాట నిజమే, కానీ అది అప్పిచ్చేవాడి వైపే ఉంది. రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసేవాడికి మిగిలేది పరువు భయం.

పట్టాభి ఈ ప్రాంతం బిడ్డే. 1880లో గుండుగొలనులో పుట్టి, బందరులో వైద్యం చేసి, తర్వాత ఆ వృత్తి మానుకున్నారు. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ ఆయన చొరవతో వచ్చాయి. ఆంధ్రా బ్యాంకు మొదలైనప్పుడు చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ 1906లో దివాలా తీసి డిపాజిటుదారులను ముంచిన సంగతి ఇంకా పాతబడని రోజులవి. అలాంటప్పుడు ముక్కూమొహం తెలియని గుమాస్తా చేతికి సొమ్ము అప్పగించాలంటే, లెక్క జనం చదవగలిగే భాషలో ఉండాలి. ఈ సంస్థల్లో వ్యవహారం తెలుగులో సాగాలని ఆయన పట్టుబట్టారు. కాంగ్రెసు చరిత్రకారుడిగా ఆయన్ను తలుచుకునేవాళ్లు ఈ పట్టుదలను అంతగా పట్టించుకోరెందుకో. నా దృష్టిలో మూలధనం కన్నా ఇదే పెద్ద పని, ఆయన నేర్పిన డబ్బు పాఠమూ ఇదే.

ఈ బ్యాంకులు ఆస్తిపరులకే అక్కరకొచ్చాయన్న ఆక్షేపణ చాలావరకు ఒప్పుకోవలసిందే. తాకట్టుకు పొలమో నగో లేని కౌలురైతు బ్యాంకు గడప ఎక్కలేదు. పట్టాదారు పాస్‌బుక్కు భూయజమాని పేరనే ఉండటంతో నేటికీ చాలామంది కౌలుదార్లకు మిల్లరో కమీషన్ వ్యాపారో దిక్కు. అయితే ఇది పాఠం తప్పని చెప్పదు, పాఠంతో పాటు హక్కు కూడా అందాలని చెబుతుంది.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. కాగితాన్ని నమ్మే అలవాటే మోసగాళ్లకు దారి వేయలేదా? విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీలో సుమారు 32 లక్షల మంది చేతులు కాల్చుకున్నారు. వాళ్లకు రసీదులూ ఉన్నాయి, బాండ్లూ ఉన్నాయి. సొమ్ము వసూలు చేసింది చాలాచోట్ల ఊళ్లోని తెలిసిన ఏజెంటే. అంటే జనం నమ్మింది కాగితాన్ని కాదు, మనిషిని. ప్రోనోటు కాలపు అలవాటే అది. డిపాజిట్లు సేకరించే హక్కు ఈ కంపెనీకి ఉందా, ఉంటే ఎవరి పర్యవేక్షణలో అని అడగడం ఏజెంటును అనుమానించడంగా తోచింది. పట్టాభి పెట్టిన ఆంధ్రా బ్యాంకే 1980లో జాతీయీకరణ పొంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకులు అంతగా మారినా, ఏజెంటు ముఖం మీదే ఆ ప్రశ్న అడగడం మాత్రం మన పల్లెల్లో ఇంకా మర్యాద తప్పినట్టే లెక్క.