కాటేదాన్ మట్టిలో సీసం

హైదరాబాద్‌లో మీర్‌పేట్ నుంచి బాలాపూర్, చాంద్రాయణగుట్ట దాటి పడమటికి పోతే కాటేదాన్ వస్తుంది. గ్రానైట్ నేల మీద వెలసిన ఈ పారిశ్రామికవాడలో ఇరవయ్యేళ్ల కిందటే సుమారు 300 పరిశ్రమలుండేవి. అద్దకాలు, నూనె మిల్లులు, లోహపు పూతలు, బ్యాటరీల తయారీ. శుద్ధి చేయని నీళ్లు ఖాళీ జాగాల్లోకి, చెత్త రోడ్ల పక్కకి.

ఇలాంటి చోట మట్టిలోకి సీసం ఎలా చేరుతుంది? పల్నాడులోని బండ్లమోటులో సీసాన్ని గనిలోంచి తవ్వేవారు. నగరంలో సీసానికి గని పాత బ్యాటరీయే. డబ్బా పగలగొట్టి, యాసిడ్ పారబోసి, లోపలి పలకలను బొగ్గుతో కొలిమిలో వేస్తారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే ఈ పనికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, రేకుల షెడ్డు చాలు. కడ్డీలు అమ్ముడుపోతాయి. పొగలోని నుసి, కొలిమి అడుగు మడ్డి అక్కడే నేలపాలవుతాయి.

ఉప్పల్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు నార్వే సహకారంతో 2002, 2003ల్లో వానలకు ముందూ తర్వాతా కాటేదాన్ మట్టిని సేకరించి పరీక్షించారు. వాడంతటా సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్, కాడ్మియం చాలా ఎక్కువగా కనిపించాయి. దిగువన ఉన్న ఇళ్ల మధ్య కూడా అక్కడక్కడా సీసం, జింక్ కెనడా ప్రమాణాలను మించాయి. ఆర్సెనిక్, క్రోమియం కొంతవరకు మన రాతిలో సహజంగా ఉన్నవేనని వాళ్లు విడదీసి చెప్పారు. తప్పంతా ఫ్యాక్టరీల మీదికి నెట్టకపోవడం వల్లే ఆ పరిశోధన మీద నాకు గురి కుదిరింది. అసలు భయపెట్టేది మరో సంగతి: ఆర్సెనిక్, కాడ్మియం, సీసం వాన నీటితో కదిలి భూగర్భ జలాల్లోకి చేరే అవకాశముందని తేలింది.

సీసం కుళ్లదు, ఆవిరై పోదు. జాంబియాలోని కబ్వే గని 1994లోనే మూతపడినా, అక్కడి పిల్లల రక్తంలో నేటికీ సీసం ఉంది. పిల్లలు మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకుంటారు. మింగిన సీసం పెద్దల కన్నా వాళ్ల ఒంట్లో ఎక్కువగా ఇంకి, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

మీర్‌పేట్‌లో ప్లాటు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ జాగ్రత్తగా చూసుకుంటారు. ఆ జాగాలో ఒకప్పుడు ఏ షెడ్డు నడిచిందో అడిగేవారు అరుదు. కలుషిత స్థలాలను గుర్తించి శుభ్రం చేయించేందుకు కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. కాటేదాన్ లాంటి పాతవాడల చుట్టూ, ఇంకా ఇళ్లు లేవకముందే, వాటి ప్రకారం మట్టి పరీక్షలు మొదలుపెట్టాలి.